కుండలో చీటీ, కొట్లో టిక్కెట్టు

అన్నదమ్ములు ఇల్లు పంచుకునే రోజు ఎప్పుడైనా చూశారా? పెద్దమనుషులు వాటాలు సమానంగానే కొలుస్తారు. అయినా బావి ఉన్న వైపు ఎవరికి, వీధి వాకిలి ఉన్న వైపు ఎవరికి అనే దగ్గర మాట తెగదు. చివరికి ఓ ముసలాయన "చీటీలు వేద్దాం పట్టండి" అంటాడు. కాగితం ముక్కలు ఒకే కొలతకు చింపి, ఒకే తీరుగా మడిచి, పళ్లెంలో వేసి, ఇంకా అక్షరాలు రాని పిల్లను పిలిచి తియ్యమంటారు. చీటీ విప్పాక ఎవరూ నోరెత్తరు. అన్న దక్కించుకున్నాడని తమ్ముడు అనడానికి లేదు, పెద్దమనిషి పక్షం వహించాడని ఎవరూ అనడానికి లేదు. అక్కడ తీర్పు చెప్పింది మనిషి కాదు.

లాటరీల గురించి కబుర్లు చెప్పమంటే నేను ఇక్కణ్ణుంచే మొదలుపెడతాను. కోట్ల బహుమతుల సంగతి తర్వాత చూద్దాం. ఒకరికే సరిపోయే వస్తువుకు పదిమంది సమానంగా అర్హులైనప్పుడు, చీటీ కన్నా న్యాయమైన పనిముట్టును మనుషులు ఇంతవరకూ కనిపెట్టలేదని నా నమ్మకం. దాని మీద ధర అచ్చువేసి అమ్మడం మొదలైన రోజు నుంచే చిక్కులు వచ్చాయి. ఈ మాట ఎందుకంటున్నానో చెబుతాను, కాస్త నిదానంగా వినండి.

కాంచీపురం దగ్గర ఉత్తరమేరూరు అనే ఊరుంది. మొదటి పరాంతక చోళుడి కాలంలో, అంటే క్రీ.శ. 920 ప్రాంతంలో, ఆ ఊరి సభ తన సభ్యులను ఎలా ఎంచుకోవాలో రాతి మీద చెక్కించి పెట్టింది. ఊరిని 30 పేటలుగా విభజించారు. ఒక్కో పేటలో అర్హులైన వాళ్ల పేర్లు తాటాకు ముక్కల మీద రాసి కట్టగా కట్టి కుండలో వేసేవారు. పిల్లా పెద్దా అందరూ చూస్తుండగా ఒక వృద్ధ పూజారి కుండ పైకెత్తి అందరికీ చూపించాలి. లోపల ఏముందో తెలియని చిన్న కుర్రాడు ఒక కట్ట తీయాలి. ఆ కట్ట విప్పి ఇంకో కుండలో పోసి బాగా కలపాలి. మళ్లీ ఆ కుర్రాడే ఒక్క ఆకు తీయాలి. దాన్ని అందుకునే మధ్యస్థుడు అయిదు వేళ్లూ బార్లా చాపి అరచేతి మీదే అందుకోవాలి. వేళ్ల సందున ఇంకో ఆకు దాచిపెట్టి మార్చేస్తాడేమోనని వెయ్యేళ్ల కిందటి ఆ ఊరివాళ్లు అంత ముందుచూపుతో ఆలోచించారు! ఆ పైన అతను చదివాక, అక్కడున్న పూజారులందరూ అదే పేరు చదివి వినిపించాలి. పదవి 360 రోజులు. అంతకు ముందు పదవిలో ఉండి లెక్కలు అప్పజెప్పని వాడి పేరు, వాడి దగ్గరి చుట్టాల పేర్లు కుండలోకి వెళ్లకూడదు.

అయితే ఇంకో మాట కూడా చెప్పాలి. అది బ్రాహ్మణ అగ్రహారం. భూమి లేనివాడి పేరు, ఆడవాళ్ల పేర్లు ఆ కుండ మొహం చూడలేదు. కుండను ఎంత బాగా ఊపినా, అందులోకి ఎవరి పేరు చేరింది అన్నది వేరే ప్రశ్న. ఈ రెండు ప్రశ్నలూ గుర్తుపెట్టుకోండి: కుండలోకి ఎవరు వెళ్లారు, కుండను సరిగ్గా కలిపారా. లోకంలో ఏ లాటరీ గురించి విన్నా నేను ముందు ఈ రెండే అడుగుతాను.

కలపడం అంటే చిన్న పని అనుకుంటాం. కాదు. 1969 డిసెంబరు 1న అమెరికా తన కుర్రాళ్లలో ఎవరిని ముందు వియత్నాం యుద్ధానికి పిలవాలో చీటీ వేసి తేల్చింది. 1944 నుంచి 1950 వరకూ పుట్టిన మగపిల్లల పుట్టినరోజులను, ఫిబ్రవరి 29తో కలిపి 366 తేదీలను, నీలం రంగు ప్లాస్టిక్ గొట్టాల్లో పెట్టి గాజు జాడీలో పోశారు. టీవీలో దేశమంతా చూస్తోంది. మొదట వచ్చిన తేదీ సెప్టెంబరు 14. ఆ రోజు పుట్టినవాడికి ఒకటో నంబరు. ఆ జాబితా ప్రకారం పిలుపు 195వ నంబరు దాకా వెళ్లింది.

కొద్ది రోజుల్లోనే గణాంక శాస్త్రం తెలిసినవాళ్లు ఆ జాబితా చూసి నొసలు చిట్లించారు. సరిగ్గా కలిపి ఉంటే ఏ నెలకైనా సగటు నంబరు 183 చుట్టుపక్కల ఉండాలి. మార్చి పిల్లల సగటు 226 దాకా వచ్చింది, డిసెంబరు పిల్లల సగటు 122 దగ్గర ఆగింది. చిన్న నంబరు అంటే ముందు పిలుపు. ఇలా ఎందుకైందో వెతికితే కారణం ఇట్టే దొరికింది. జాడీలో పోసే ముందు గొట్టాలను ఒక పెట్టెలో వేసేటప్పుడు నెలల వరసలోనే వేశారు, జనవరి ముందు, డిసెంబరు చివర. తర్వాత చాలినంత కలపలేదు. చివర పడిన నెలలు పైపైనే ఉండి చేతికి ముందు తగిలాయి. డిసెంబరులో పుట్టడమే కొందరు కుర్రాళ్ల నెత్తిమీదికి వచ్చింది. మరుసటి ఏడు తప్పు దిద్దుకున్నారు. తేదీలకు ఒక డ్రమ్ము, నంబర్లకు ఒక డ్రమ్ము పెట్టి, రెండింటినీ యాదృచ్ఛిక పట్టికల వరసలో నింపి, తిప్పి తీశారు. రెండో కుండలోకి మార్చి కలపమని రాతి మీద రాసుకున్న ఆ ఊరివాళ్లంటే నాకు అంత గౌరవం ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా.

చీటీ ప్రాణం తీసే చోట అంత జాగ్రత్త కావాలంటే, ప్రాణం నిలిపే చోట ఏం చేసిందో కూడా చెప్పాలి. ఇది నాకు చాలా ఇష్టమైన కథ.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసింది. బ్రిటన్ ఖజానా ఖాళీ. క్షయ రోగం ఊళ్లకు ఊళ్లను తినేస్తోంది. అమెరికాలో స్ట్రెప్టోమైసిన్ అనే కొత్త మందు వచ్చింది గానీ, కొనడానికి బ్రిటన్ దగ్గర డాలర్లు లేవు. తెప్పించుకున్న కాస్త మందు దేశంలోని రోగులకు ఏ మూలకూ చాలదు. ఎవరికివ్వాలి? మంత్రిగారి బంధువుకా, డాక్టరుగారికి జాలి కలిగినవాడికా? ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే గణాంక శాస్త్రజ్ఞుడు చీటీ వేద్దామన్నాడు. ఆయనకు డాక్టరు పట్టా లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేస్తూ క్షయ బారినపడి మంచం పట్టి, వైద్యం చదవాలన్న కోరిక వదులుకున్నవాడు. ఆ రోగం ఏమిటో తన ఊపిరితిత్తులతో తెలుసుకున్న మనిషి.

107 మంది రోగులను ఎంచుకున్నారు. అందరికీ ఒకే రకం ముదిరిన క్షయ, అందరూ చిన్న వయసువాళ్లే. యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక చూసి ముందే కవర్లు తయారుచేసి సీలు వేశారు. రోగిని తీసుకోవాలని నిర్ణయించాక కవరు విప్పితే లోపల కార్డు మీద మందు ఇవ్వాలా, మంచం మీద విశ్రాంతి మాత్రమే ఇవ్వాలా అని ఉంటుంది. కవరు విప్పేదాకా డాక్టరుకు కూడా తెలియదు. 55 మందికి మందు, 52 మందికి విశ్రాంతి వచ్చాయి. ఆరు నెలలు తిరిగేసరికి మందు వాడినవాళ్లలో నలుగురు పోయారు, వాడనివాళ్లలో 14 మంది పోయారు. 1948లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. మందు పనిచేస్తుందని అందరూ ఒప్పుకోక తప్పలేదు. అంతకు ముందైతే "మీరు బలంగా ఉన్నవాళ్లను ఏరి మందు ఇచ్చారు, అందుకే బతికారు" అని ఎవరైనా అడ్డుతగిలేవారు. చీటీ ఏరదు. వయసు, బలం, డబ్బు, ఇంటి పరిస్థితి, మనకు పేరు కూడా తెలియని ఇంకా వంద తేడాలు, అన్నింటినీ అది రెండు వైపులా దాదాపు సమానంగా చల్లేస్తుంది. చివర్లో మిగిలే తేడా మందుదే. ఇవాళ మీరు వేసుకునే టీకా అయినా, బీపీ మాత్ర అయినా ఈ దారిన నడిచి వచ్చిందే. మందు చాలక వేసిన చీటీ వైద్యశాస్త్రానికే కొత్త దారి చూపించింది.

ఇలాంటిదే 2008లో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో జరిగింది. పేదల ప్రభుత్వ ఆరోగ్య బీమాలో 10,000 చోట్లుంటే, దాదాపు 90,000 మంది పేరు రాయించుకున్నారు. ప్రభుత్వం లాటరీ తీసింది. తగిలినవాళ్లను, తగలనివాళ్లను ఆర్థికశాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి పోల్చి చూశారు. బీమా ఉన్నవాళ్ల అప్పులు తగ్గాయి, మనోవ్యాకులత తగ్గింది. రక్తపోటు, కొలెస్టరాల్ లాంటి కొలతల్లో మాత్రం రెండేళ్లలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రెండు ముక్కలూ నిజాయితీగా బయటపెట్టారు. చీటీ లేకపోతే ఆ రెండింటిలో ఏదీ అంత గట్టిగా తెలిసేది కాదు.

మరి ఇంత మంచి పనిముట్టు కిళ్లీకొట్లోకి ఎలా చేరింది?

ఇటలీలో జెనోవా అనే రేవుపట్నం ఉంది. 16వ శతాబ్దంలో అక్కడ పెద్ద కుటుంబాలు పదవుల కోసం కొట్టుకోకుండా, 120 మంది పేర్లు వేసి ఏడాదికి రెండుసార్లు అయిదుగురిని చీటీతో తీసేవారు. ఊరి జనం ఊరుకుంటారా? ఈసారి ఎవరి పేరు వస్తుందో అని పందేలు కాయడం మొదలుపెట్టారు. పందేలు పెరిగి పెరిగి, పేర్ల బదులు నంబర్లు వచ్చి, 90 నంబర్లలో అయిదు తీసే ఆటగా స్థిరపడింది. పదవుల పంపకం పోయింది గానీ పందెం నిలిచింది. అదే ఇటలీ అంతా పాకింది. నేపుల్స్‌లో అయితే కలలో ఏం కనిపిస్తే ఏ నంబరు కాయాలో చెప్పే పుస్తకాలే ఉన్నాయి. ఇవాళ్టి లోటో ఆటలన్నింటికీ తాత అదే.

ఇప్పుడు కాస్త లెక్క చేద్దాం, భయపడకండి. 49 నంబర్లలో ఆరు సరిగ్గా చెప్పాలి. మొదటి బంతికి 49 దారులు, రెండోదానికి 48, అలా ఆరు అంకెలు గుణించుకుంటూ పోతే వెయ్యి కోట్లు దాటుతుంది. ఏ బంతి ముందు వచ్చిందన్నది అక్కర్లేదు కాబట్టి ఆరు బంతులు రాగల వరసల లెక్క 720తో భాగించాలి. మిగిలేది 1,39,83,816. అంటే దాదాపు కోటీ నలభై లక్షల టిక్కెట్లలో ఒకటి. అమెరికాలో పవర్‌బాల్ ఇంకా పెద్దది. 69లో అయిదు, ఆ పైన 26లో ఒకటి చెప్పాలి. అక్కడ లెక్క 29,22,01,338లో ఒకటి. ఈ అంకె నోటితో పలకగలం గానీ మనసుకు ఎక్కదు. కిలో సన్నబియ్యంలో లక్ష గింజలున్నాయనుకోండి. 25 కిలోల బస్తాలు 117 తెచ్చి హాలు నిండా పోసి, అందులో ఒక్క గింజకు ఎర్రరంగు పూసి కలిపేసి, కళ్లకు గంతలు కట్టుకుని ఒక్క గింజ తీయాలి. ఆ ఎర్ర గింజే రావాలి. మన పిల్లలు న్యూజెర్సీలోనో డాలస్‌లోనో పెట్రోలు పోయించుకుంటూ "రెండు డాలర్లేగా" అని కొనేది ఇదే.

లెక్క తెలిస్తే లాటరీని ఓడించవచ్చా అని అడుగుతారు. ఆట కట్టినవాడు తప్పు చేస్తే ఓడించవచ్చు. 1729లో ఫ్రాన్సు ప్రభుత్వం విలువ పడిపోయిన బాండ్లు పట్టుకున్నవాళ్లను ఊరడించడానికి లాటరీ పెట్టింది. బాండు విలువలో వెయ్యోవంతు పెట్టి టిక్కెట్టు కొనుక్కోవచ్చు. లక్ష లివర్ల బాండుకు టిక్కెట్టు 100 లివర్లు, వెయ్యి లివర్ల బాండుకు ఒక్క లివరే. గెలిచే అవకాశం మాత్రం ఏ టిక్కెట్టుకైనా ఒకటే. ఇందులో ఉన్న చిల్లు లా కొండమీన్ అనే గణితజ్ఞుడి కంట పడింది. కొన్నేళ్ల తర్వాత దక్షిణ అమెరికా వెళ్లి భూమి ఆకారం కొలిచినవాడు ఈయనే. ఒక విందులో రచయిత వోల్తేరుకు చెప్పాడు. ఇద్దరూ కొందరిని కూడగట్టి చిన్న చిన్న బాండ్లు సేకరించి, చవక టిక్కెట్లు గుట్టలుగా కొని, నెల తర్వాత నెల బహుమతులు పట్టుకుపోయారు. ప్రభుత్వం కోర్టుకు వెళ్లి ఓడిపోయింది. వోల్తేరు వాటా అయిదు లక్షల లివర్ల దాకా ఉంటుందంటారు. జీవితాంతం ఏ రాజు దయా అక్కర్లేకుండా తనకు తోచింది రాయగలిగాడంటే, దాని వెనక ఈ గుణకారం కూడా ఉంది.

అలాంటి చిల్లు లేని ఆటలో మాత్రం ఏ నంబరుకైనా అదే బలం. 2009 సెప్టెంబరులో బల్గేరియా లాటరీలో 4, 15, 23, 24, 35, 42 వచ్చాయి. నాలుగు రోజులకు జరిగిన తర్వాతి డ్రాలోనూ సరిగ్గా అవే ఆరు. దేశం అట్టుడికిపోయింది, ప్రభుత్వం విచారణ వేసింది, మోసం దొరకలేదు. 42లో ఆరు ఎంచే దారులు 52 లక్షల చిల్లర. అయినా ఏదో ఒక పాత వరస మళ్లీ రావడానికి సగానికి సగం అవకాశం రావాలంటే 52 లక్షల డ్రాలు అక్కర్లేదు, సుమారు 2,700 చాలు. వారానికి రెండు డ్రాల చొప్పున 26 ఏళ్లు. వెంటవెంటనే రావడం అంతకన్నా అరుదే, కానీ ప్రపంచంలో లాటరీలు ఎన్నో, అవన్నీ ఏళ్ల తరబడి తీస్తూనే ఉంటారు. నన్ను ఆకట్టుకున్నది ఇంకో సంగతి. మొదటిసారి ఆ ఆరూ ఎవరికీ తగల్లేదు. రెండోసారి 18 మందికి తగిలాయి. అంటే కిందటిసారి వచ్చిన నంబర్ల మీదే పందెం కాసినవాళ్లు అంతమంది ఉన్నారు! బ్రిటన్‌లో 1995 జనవరిలో ఒకే వరసను 133 మంది ఎంచుకోవడంతో కోటీ అరవై లక్షల పౌన్ల జాక్‌పాట్ ముక్కలై తలా లక్షా ఇరవై రెండు వేల చిల్లర వచ్చింది. బంతులు యాదృచ్ఛికంగా వస్తాయి, మనుషులు నంబర్లు అలా ఎంచుకోరు. పుట్టినరోజులు, పెళ్లిరోజులు రాస్తారు. అందువల్ల 31 లోపు నంబర్లు గెలిచినా వాటా పంచుకునేవాళ్లు ఎక్కువ.

ప్రభుత్వాలు మొదటినుంచీ లాటరీని మంచిపని పేరుతోనే తెచ్చాయి. ఇంగ్లండులో మొదటి ఎలిజబెత్ రాణి 1567లో రేవులు బాగుచేయించడానికని ప్రకటించింది. 4 లక్షల టిక్కెట్లు, ఒక్కోటి పది షిల్లింగులు. కొన్నవాళ్లను చిన్న నేరాలకు ఏడు రోజులు అరెస్టు చేయబోమని ఆశ కూడా పెట్టింది. అయినా చాలా భాగం అమ్ముడుపోలేదు. సామాన్యుడికి పది షిల్లింగులు ఎక్కువ. తర్వాతి పాలకులు నేర్చుకున్న పాఠం టిక్కెట్టు చవగ్గా ఉండాలన్నది.

మన పక్కన కేరళ ఆ పాఠాన్ని బాగా వంటపట్టించుకుంది. 1967లో ఆర్థికమంత్రి పి.కె. కుంజు చొరవతో ప్రైవేటు లాటరీలు ఆపించి, ప్రభుత్వమే లాటరీ మొదలుపెట్టింది. నవంబరు 1న మొదటి టిక్కెట్టు, ధర రూపాయి. మొదటి బహుమతి 50,000 రూపాయలు, డ్రా 1968 రిపబ్లిక్ దినాన. ఇప్పుడు వారంలో ప్రతిరోజూ డ్రా ఉంది. ఓణం బంపరు మొదటి బహుమతి 25 కోట్లు, టిక్కెట్టు 500. కొచ్చిలోనో పాలక్కాడులోనో బస్టాండులో దిగితే, చిన్న బల్ల మీద టిక్కెట్లు వరసగా పేర్చి గొడుగు కింద కూర్చున్నవాళ్లు కనిపిస్తారు. వాళ్లలో నడవలేనివాళ్లు, చూపు లేనివాళ్లు, వితంతువులు, ముసలివాళ్లు ఎందరో. వాళ్లకు ఇది కూడు పెడుతోంది. కారుణ్య లాటరీ లాభాలతో పేద రోగులకు గుండె, మూత్రపిండాలు, క్యాన్సరు వైద్యం చేయించారు. ఇవన్నీ నిజమైన మేళ్లే. తేలిగ్గా తీసేయలేను.

కానీ టిక్కెట్టు కొనేది ఎవరో కూడా చూడాలి. రోజుకూలి, ఆటో నడిపేవాడు, బెంగాల్ నుంచో అస్సాం నుంచో వచ్చి కట్టడం పనిలో ఉన్నవాడు. ఆదాయంలో ఎంత వాటా టిక్కెట్లకు పోతుందని లెక్క తీస్తే, పేదవాడి జేబునుంచే ఎక్కువ వాటా పోతుందని దేశదేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. అమెరికాలో జార్జియా రాష్ట్రం 1993 నుంచి లాటరీ డబ్బుతో కాలేజీ స్కాలర్‌షిప్పులు ఇస్తోంది. మార్కులు వచ్చినవాళ్లకు కాబట్టి, అందులో పెద్ద భాగం ఉన్నవాళ్ల పిల్లలకే చేరింది. పేదలు కట్టారు, కాస్త ఉన్నవాళ్లు చదువుకున్నారు. ఆస్పత్రి అయినా, కాలేజీ అయినా ఇలా నడవాలంటే రోజూ లక్షలమంది ఓడిపోతూ ఉండాలి. ఆస్పత్రికి డబ్బు కావాలంటే సంపన్నుల మీద పన్ను వేయండి. ఓడిపోయేవాడి ఆశ మీద వేయకండి. నా వరకూ నా మాట ఇదే. మన రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఇవాళ కేరళలా టిక్కెట్లు అమ్మడం లేదు, అది నాకు సంతోషం.

స్పెయిన్ గురించి చెప్పకపోతే అన్యాయం చేసినట్టే. అక్కడ క్రిస్మస్ లాటరీ 1812 నుంచి ఉంది. ఏటా డిసెంబరు 22న మాడ్రిడ్‌లో శాన్ ఇల్దెఫోన్సో బడి పిల్లలు ఒకరు నంబరు, ఇంకొకరు బహుమతి రాగం తీసి పాడుతూ చెబుతారు. ఒక పెద్ద గోళంలో లక్ష చెక్క బంతులు, ఇంకో గోళంలో 1,807 బహుమతుల బంతులు. అమ్మిన సొమ్ములో 70 శాతం బహుమతులుగా తిరిగి వెళుతుంది, ఇంత వాటా మిగతా దేశాల్లో అరుదు. టిక్కెట్టును పది ముక్కలు చేసి అమ్ముతారు, ముక్క 20 యూరోలు. ఆఫీసంతా, వీధంతా, ఒక్కోసారి ఊరంతా ఒకే నంబరు ముక్కలు కొనుక్కుంటారు. 2011లో సోదెతో అనే చిన్న రైతు పల్లెకు మొదటి బహుమతి తగిలింది. 70 ఇళ్ల ఊరు, ఒక్క ఇల్లు తప్ప అందరి దగ్గరా ముక్కలున్నాయి. ఊరి ఆడవాళ్ల సంఘం ఇంటింటికీ తిరిగి అమ్మింది మరి. ఆ ఏడు కరువు, అప్పులు. ఓడినా అందరూ కలిసే ఓడతారు, గెలిస్తే కలిసి గెలుస్తారు. టిక్కెట్టు అమ్మాల్సిందే అంటే ఇలా అమ్మడం కొంత నయం.

గెలిచినవాళ్లందరూ నాశనమైపోతారన్న మాట మాత్రం నమ్మకండి. స్వీడన్‌లో గెలిచి అయిదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల పైదాకా గడిచిన వేలమంది విజేతలను అడిగి చూశారు. పెద్ద మొత్తాలు గెలిచినవాళ్ల తృప్తి నిజంగానే పెరిగి, అలాగే నిలిచింది. పేపర్లో పడేది తాగి పాడైపోయినవాడి కథ. అప్పులు తీర్చుకుని ఎప్పటిలా పనికి వెళ్లినవాడి కథ ఎవరూ రాయరు.

మన దగ్గర టిక్కెట్లు అమ్మడం లేదన్నాను గానీ, చీటీ మన బతుకుల్లో లేకపోలేదు. తిరుమల సుప్రభాత సేవకు ఎలక్ట్రానిక్ డిప్ ఉంది. పేరు నమోదుకు రుసుము లేదు, తగిలినవాళ్లే సేవ డబ్బు కడతారు. అది పళ్లెంలో చీటీకి దగ్గర. మద్యం దుకాణాల డ్రా వేరు. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో 3,396 దుకాణాలకు 89,882 దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు 2 లక్షలు, తగలకపోతే తిరిగి ఇవ్వరు. దుకాణం ఒక్కటీ తెరవకముందే ఖజానాకు సుమారు 1,800 కోట్లు చేరాయి. ఒక్కరే ఎన్ని దరఖాస్తులైనా వేసుకోవచ్చు. డబ్బున్నవాడికి కుండలో ఎక్కువ చీటీలు. కలెక్టరుగారు అందరి ముందూ ఎంత నిజాయితీగా కలిపి తీసినా, ఆ ఎక్కువ తక్కువలు కుండలోకి ముందే వెళ్లిపోయాయి.

ఇక మార్చి నెల వస్తే చాలు, హైదరాబాద్‌లో, విజయవాడలో, గుంటూరులో ఎన్ని ఇళ్లలో "మా వాడు పిక్ అయ్యాడా" అన్న ఒక్క మాటే! అమెరికాలో ఉద్యోగానికి ఇచ్చే హెచ్-1బీ వీసాలు ఏడాదికి 85,000, అవీ లాటరీలోనే తేలతాయి. 2023లో వాటికోసం 7,58,994 అర్హమైన నమోదులు వచ్చాయి. అందులో 4,08,891 ఒకటికి మించి నమోదులున్న మనుషులవి. ఒకే కుర్రాడి పేరు నాలుగైదు కంపెనీల ద్వారా కుండలోకి వేయించారన్నమాట. ఒక్క చీటీతో నిజాయితీగా నిలబడ్డవాడి అవకాశం ఆ మేరకు తరిగిపోయింది. 2024 నుంచి నియమం మార్చారు. ఎన్ని కంపెనీలు వేసినా పాస్‌పోర్టుకు ఒక్కటే చీటీ. ఆ ఒక్క మార్పుతో అర్హమైన నమోదులు 4,70,342కు దిగాయి. 2025 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం ఇంకో మార్పు ప్రకటించింది. జీతం స్థాయి పైదైతే పేరు నాలుగుసార్లు, అడుగుదైతే ఒక్కసారి కుండలోకి వెళుతుంది. అప్పుడే చదువు ముగించిన పిల్లల చీటీ మళ్లీ పలచబడుతుంది.

పాత సమాన పద్ధతిలోనే లెక్క వేద్దాం. తగిలే అవకాశం నూటికి 30 అనుకోండి, 2024లో సుమారుగా అంతే. అమెరికాలో ఇంజినీరింగు చదివినవాడికి సాధారణంగా మూడు ప్రయత్నాలు దొరుకుతాయి. ఒక ఏడు రాకపోయే అవకాశం నూటికి 70. మూడేళ్లూ రాకపోయేది 70 శాతంలో 70 శాతంలో మళ్లీ 70 శాతం, అంటే నూటికి 34. ప్రతి ముగ్గురిలో ఒకరు. వాళ్లు సోమరులు కారు, తెలివి తక్కువవాళ్లు కారు, తగిలిన ఇద్దరితో ఒకే గదిలో ఉండి ఒకే పని చేసినవాళ్లు. "అందరికీ వచ్చింది, నీకేమైంది" అని ఫోనులో అడగకండి. జాతకం పట్టుకుని తిరగకండి. కిందటేడు రాలేదు కాబట్టి ఈ ఏడు తప్పక వస్తుందని అప్పు తెచ్చి ఉండమనీ చెప్పకండి, ప్రతి ఏడూ కొత్త డ్రాయే. ఎవరైనా మీ దగ్గర డబ్బు తీసుకుని రెండో కంపెనీ ద్వారా ఇంకో చీటీ వేయిస్తాం, అవకాశం రెట్టింపవుతుంది అంటే ఇవ్వకండి. 2024 నుంచి ఆ రెండో చీటీకి కుండలో చోటు లేదు.